మూడు మరమ్మతులు, ఒకటే చిల్లు: మా బోరు మెకానిక్కు గురించి

ఖర్చు ముందే చెప్పేస్తాను. మా బోరు కుళాయిలో నీళ్ళతో పాటు గాలి రావడం మాన్పించడానికి మొత్తం 10,250 రూపాయలు. అందులో 2,450 రూపాయలతో అసలు జబ్బు నయమైంది. 1,600 రూపాయలు పక్కనున్న ఇంకో జబ్బుకు మందుగా పనికొచ్చాయి. మిగిలిన 6,200 రూపాయలు బూడిదలో పోసిన పన్నీరు.

నేను రాస్తున్నది మూడో మనిషిగా వచ్చిన మెకానిక్కు గురించి, ఆయన చిన్న దుకాణం గురించి. పేరు రాయడం లేదు. రాస్తానంటే ఆయనే వద్దన్నారు. "వేసవిలో వచ్చే ఫోన్లే ఎత్తలేకపోతున్నాను టీచరమ్మా, మీరు ఇంకో వంద మందిని నా మీదికి తోలతారా" అన్నారు. ఆయనకు ముందు వచ్చి ఆరు వేలు తీసుకున్న పెద్ద దుకాణం పేరు కూడా రాయను, ఆ గొడవ నాకు అక్కరలేదు. పేర్లు లేని సమీక్ష దేనికంటే, మీ ఇంటికి వచ్చిన మెకానిక్కు ఏం చూస్తున్నాడో, ఏం చూడకుండానే రెంచి పడుతున్నాడో మీరు పక్కన నిలబడి గమనించుకోవడానికి.

మాది మహబూబ్‌నగర్ శివారు. 2009లో ఇల్లు కట్టుకునేటప్పుడు ఆరున్నర అంగుళాల బోరు వేయించాము. లోతు 280 అడుగులు. మట్టి, మొరం ఉన్నంత మేర, గోడ కూలకుండా నిలబెట్టే గొట్టం, అంటే కేసింగ్, 40 అడుగులు దించారు. ఆ కింద కేసింగ్ లేదు, అంతా రాయే. పాలమూరు రాతి సంగతి చెప్పేదేముంది, నీళ్ళు పగుళ్ళలోంచి ఊరి రావాల్సిందే. 160 అడుగుల దగ్గర ఒక హెచ్.పి. మోటారు వేలాడుతోంది. దానికి అంగుళంపావు నల్ల పైపు, నైలాన్ తాడు. తాగడానికి మిషన్ భగీరథ పథకం కుళాయి నీళ్ళు వాడుకుంటాము, మిగతా అన్నిటికీ బోరే ఆధారం. బోరు నీళ్ళు మేడ మీది ట్యాంకుకు ఎక్కుతాయి. దారిలో గేటు వాల్వుకు ముందు, మొక్కల కోసం ఒక డైరెక్టు కుళాయి పెట్టించుకున్నాను.

మార్చి చివర్లో ఆ డైరెక్టు కుళాయికి తుమ్ములు పట్టుకున్నాయి. మోటారు వేయగానే బుస్సుమని గాలి, తర్వాత ఉమ్మినట్టు నాలుగు చుక్కలు, మళ్ళీ గాలి, చివరికి ధార. ఆ ధార కూడా పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. ఇంకో వారానికి వంటింటి కుళాయి గురగురలాడి సన్నబడిపోయింది. మా వారు నీళ్ళలో సున్నం పెరిగిందని తేల్చేసి బకెట్లో పటిక తిప్పడం మొదలుపెట్టారు. ఎదురింటివారు బోరు ఎండిపోతోందని సానుభూతి చూపారు. నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి 2021లో రిటైరయ్యాను. అయినా ఒక్క నిమిషం ఆలోచించకుండా నేను చేసిన మొదటి పని ప్లంబరుకు ఫోను చేయడం.

ఆ ప్లంబరు కుర్రవాడి మీద నాకు ఫిర్యాదు లేదు. వంటింటి కుళాయి విప్పి జల్లెడ చూశాడు. అది శుభ్రంగానే ఉంది. మేడ ఎక్కి చూసి, ట్యాంకు నుంచి వంటింటికి దిగే పైపు పిట్టగోడ మీదుగా ఒక వంపు తిరుగుతోందని, ఆ వంపులో గాలి చిక్కుకుందని చెప్పాడు. అది నిజమే. బోరు ధార తగ్గడంతో ఆ వారంలో రెండుసార్లు ట్యాంకు అడుగంటింది. అప్పుడు పైపులోకి దిగిన గాలి, మళ్ళీ ట్యాంకు నిండినా వంపులోంచి కదలలేదు. మూడడుగుల ఎత్తు నీటికి దాన్ని తోసేంత బలం లేదు మరి. ఆ వంపు మీదే పైపుకు మూడు మూతుల టీ అతుకు వేసి, పైకి గాలి గొట్టం నిలబెట్టాడు. దాన్ని ట్యాంకు నీటిమట్టం కంటే కురచగా కోశాడు. సాయంత్రం ట్యాంకు నిండగానే ఆ గొట్టంలోంచి నీళ్ళు పొంగి మేడంతా పారాయి. కలిసి ఉన్న పాత్రల్లో నీటిమట్టం ఒకటే ఉంటుందని బడి పిల్లలకు ఎన్నిసార్లు బొమ్మ వేసి చూపించానో. మరుసటి రోజు వచ్చి నవ్వుతూ రెండడుగుల ముక్క అతికించి వెళ్ళాడు. వంటింటి కుళాయి ఆ రోజే బాగుపడింది. "బోరు దగ్గర వచ్చే గాలి నా పని కాదు మేడం, అది మోటారువాళ్ళు చూడాలి" అని తనే చెప్పాడు. తన పని ఎక్కడ ముగుస్తుందో తెలిసినవాడికి 1,600 రూపాయలు ఇవ్వడం నాకు బాధనిపించలేదు.

ఇక పెద్ద దుకాణం. ట్రాలీ ఆటోలో నలుగురు దిగారు. మోటారు ఒక్కసారి వేసి చూపించమని అడగలేదు. వచ్చీరాగానే బోరు మూత బోల్టులు విప్పి పైపు లాగడం మొదలుపెట్టారు. నల్ల పైపును భుజాల మీద వేసుకుని వీధి వెంట ఒకరి వెనుక ఒకరు నడుస్తుంటే, పైపు మా గేటు దాటి, ఎదురింటిది దాటి, కిరాణా కొట్టు దాకా సాగింది. 160 అడుగులంటే ఎంతో ఆ రోజు కళ్ళారా చూశాను. పంపు విప్పి, నీటిని తోసే చక్రాలు, అంటే ఇంపెల్లర్లు, అరిగాయని చూపించారు. అరిగిన మాట నిజమే, అన్నేళ్ళ పంపుకు అరక్కుండా ఎలా ఉంటాయి? కొత్త ఇంపెల్లర్ల సెట్టుకు 3,400, నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వుకు 800, కూలి 2,000. పైపును మాత్రం ఎవరూ చూడలేదు. ఎలా లాగారో అలాగే తిరిగి దించేశారు.

వెళ్ళే ముందు వాళ్ళలో పెద్దవాడు నేల పైన కనిపించే ప్రతి జాయింటుకూ సందులు పూడ్చే ఎంసీల్ ముద్ద పూశాడు. ఎందుకని అడిగితే, "గాలిని ఇక్కడి నుంచే పీలుస్తుంది మేడం" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది.

నేల మీద కూర్చునే మోటారు పీలుస్తుంది. మా చెల్లెలు అమలాపురం దగ్గర ఉంటుంది, వాళ్ళది ఫిల్టర్ పాయింటు, అంటే ఇసుక నేలలో దింపిన తక్కువ లోతు గొట్టపు బావి. అక్కడ నీళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి మోటారు పైనే ఉంటుంది. అది పైపులో గాలి తగ్గిస్తే, బయటి వాతావరణ పీడనం నీటిని పైకి తోస్తుంది. లెక్క ప్రకారం 10.3 మీటర్లు, ఆచరణలో ఏడు మీటర్ల దాకా. ఆ పీల్చే పైపులో ఎక్కడ సందు ఉన్నా బయటికి ఒక్క చుక్క కారదు, లోపలికి గాలి వెళుతుంది. మోటారు నడుస్తుండగా జాయింటు మీద సబ్బు నురగ పూస్తే, సందు ఉన్నచోట నురగ లోపలికి లాక్కుపోతుంది. మా మరిది ప్రతి వేసవిలో చేసే పని అది. వాళ్ళకు ఎంసీల్ పనికొస్తుంది. మా మోటారు నీటి అడుగున కూర్చుని పైకి తోస్తుంది. దాని పైనున్న పైపంతా లోపలి ఒత్తిడితో నిండి ఉంటుంది. జాయింటు వదులైతే నీళ్ళు బయటికి చిమ్మాలే తప్ప గాలి లోపలికి పోదు. మొక్కల పక్కన నేల పొడిగా ఉంది. అంటే అక్కడ లీకే లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ డబ్బు ఇచ్చేదాకా నోరు విప్పకపోవడం నా తప్పు.

వాళ్ళు మోటారు వేసి, ధార వచ్చాక పది నిమిషాలు చూసి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున మోటారు వేస్తే మళ్ళీ అదే బుస్సు. ఫోను చేస్తే "నీటిమట్టం పడిపోయింది మేడం, కొత్త బోరు వేయించుకోండి, రిగ్గు మేమే మాట్లాడతాము" అన్నారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి కదా అంటే, అదీ వాళ్ళే చూసుకుంటారట. ఖర్చు లక్ష దాటుతుందట. మా వారు అప్పటికే బ్యాంకు పుస్తకం తీశారు.

మూడో ఆయన గురించి మాకు పాలు పోసే ఆమె చెప్పింది. రేపు వస్తానని రెండు రోజుల తర్వాత వచ్చారు. అరవై దాటిన మనిషి. మోపెడ్ మీద ఒక గుడ్డసంచి తప్ప ఏమీ తెచ్చుకోలేదు. పనిముట్లు లేకుండా వచ్చారేమిటని నేను అనుమానంగా చూస్తుంటే, అరుగు మీద కూర్చుని ఒక ప్రశ్న అడిగారు. "గాలి ఎప్పుడు వస్తోంది టీచరమ్మా? మోటారు వేయగానేనా, కాసేపు నడిచాకనా?"

వేయగానే వచ్చి అర నిమిషంలో ఆగిపోతుందని చెప్పాను. "ఆపేసి వెంటనే మళ్ళీ వేస్తే?" వెంటనే వేస్తే తక్కువగా వస్తుంది, గంట ఆగి వేస్తే ఎక్కువగా వస్తుంది. ఇది నేను ముందే గమనించాను, కానీ దానికి అర్థం ఉందనుకోలేదు. ఆయన తల ఊపారు. నీటిమట్టం మోటారు దాకా పడిపోతే గాలి మొదట్లో రాదట. మొదట ధార నిండుగా వచ్చి, పది పదిహేను నిమిషాలకు మట్టం దిగాక గాలి మొదలై, ఇక ఆగదు. మొదట్లో వచ్చి ఆగిపోయే గాలి అంటే, మోటారు ఆగి ఉన్నప్పుడు పైపులోని నీళ్ళు ఎక్కడికో జారిపోయి, ఖాళీ పైపులో గాలి చేరిందన్నమాట. మోటారు వేయగానే ఆ గాలినే ముందు తోసేస్తోంది. నీళ్ళు జారడానికి దారులు రెండే: అడుగున నాన్ రిటర్న్ వాల్వు, లేదా పైపుకు చిల్లు. వాల్వు పది రోజుల క్రితమే మార్చారు.

ఇంత సూటి ప్రశ్న ముందు వచ్చిన నలుగురిలో ఒక్కరు అడిగినా నాకు 6,200 మిగిలేవి.

తర్వాత మోటారు వేయించి స్టార్టర్ పెట్టె ముందు నిలబడ్డారు. కరెంటు ఎంత లాగుతోందో చూపే అమ్మీటరు ముల్లు ఏడున్నర దగ్గర కదలకుండా నిలబడింది. మోటారు నీళ్ళు లేక గాలి మింగుతుంటే ముల్లు కిందికి పడి ఊగిసలాడుతుందని చెప్పారు. మాది ఇరవై నిమిషాలు నడిచినా ఊగలేదు. తర్వాత గ్లాసు అడిగారు. నేను స్టీలు గ్లాసు తెస్తే నవ్వి, "ఇందులో నాకు ఏం కనిపిస్తుంది తల్లీ" అన్నారు. గాజు గ్లాసులో తెల్లటి నీళ్ళు పట్టి కిటికీలో పెట్టారు. అడుగు నుంచి తేట మొదలై, తెలుపు పైకి పైకి ఎగబాకి, నిమిషంలో మాయమైంది. తేట అడుగు నుంచి పైకి వస్తే గాలి బుడగలు. పై నుంచి తేటబడి అడుగున మడ్డి కూర్చుంటే మన్ను. ఎంతసేపు ఉంచినా తేరకపోతే ఇంకేదో, అప్పుడు పరీక్షకు పంపాలి. మా వారు పటిక ముక్కను చప్పుడు చేయకుండా లోపల పెట్టేసి వచ్చారు. ఇది నేను చేసి ఉండాల్సిన పరీక్ష. దీనికి గ్లాసు తప్ప ఏమీ అక్కరలేదు.

బుడగలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అసలు చిక్కు. ఖాళీ పైపు వల్ల మొదట గాలి వస్తుంది, సరే. ధార నిలబడ్డాక కూడా నీళ్ళు తెల్లగా ఎందుకుండాలి? దానికి ఆయన చేసిన పనే ఈ సమీక్ష రాయడానికి కారణం. మెయిన్ ఆపించి, బోరు మూతకు కేబులు దూరే రంధ్రం దగ్గరి రబ్బరు తీశారు. మోటారు వేయమని చెప్పి, నేల మీద ఒరిగి ఆ రంధ్రానికి చెవి ఆనించారు. తర్వాత నన్ను వినమన్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు. అయినా వంగాను. లోపల వాన పడుతోంది. అతిశయోక్తి కాదు, రేకుల ఇంట్లో పక్క గదిలోంచి వినిపించే వాన చప్పుడు. మోటారు ఆపించారు. చప్పుడు ఇంకో నిమిషం పాటు సాగి, సన్నగిల్లి, చుక్కచుక్కలుగా మారి ఆగిపోయింది.

"ఆగిపోయింది కదా, అది బోరు నీరు కాదు, మీ పైపు నీరే" అన్నారు.

రాతి బోర్లలో పై పగులు నుంచి ఊరే నీరు, మట్టం దిగిపోయినప్పుడు గోడ వెంట కిందికి దూకుతుంది. ఆ చప్పుడు మోటారు ఆపగానే ఆగదు, మట్టం మళ్ళీ ఆ పగులు దాకా లేచేంతవరకు ఉంటుంది. మా వీధి చివరి ఇంట్లో అదే జరిగి, ఈయనే మోటారును నలభై అడుగులు కిందికి దించారట. మాది అలా కాదు. మోటారు నడుస్తున్నప్పుడు చిల్లులోంచి నీళ్ళు గోడకు చిమ్మి, అంత ఎత్తు నుంచి కింది నీటిలో పడుతున్నాయి. ఎత్తు నుంచి బకెట్లోకి చెంబుడు నీళ్ళు పోస్తే నురగ వచ్చినట్టే అక్కడా గాలి కలుస్తుంది. ఆ సన్నటి బుడగలను మోటారు తన వైపు లాక్కుంటుంది. పైపు ఒత్తిడిలో కొంత గాలి నీటిలో కరిగిపోయి, కుళాయి దగ్గర ఒత్తిడి తగ్గగానే మళ్ళీ బయటికి వస్తుంది. సోడా బుడ్డి మూత తీసినప్పుడు జరిగేది ఇదే. కరగడం, ఒత్తిడి అనే మాటలు నావి. ఆయన అన్నది "నీళ్ళు చిలికినట్టు అవుతాయి" అని మాత్రమే. నా మాటల కంటే అదే బాగుంది.

నీటిమట్టం ఎంతుందో చూద్దామన్నారు. నాకు హుషారొచ్చి, చిన్న రాయి వేసి చప్పుడు వచ్చేదాకా సెకన్లు లెక్కపెడితే లోతు తెలుస్తుంది కదా అన్నాను. ఆయన కళ్ళెర్రజేశారు. "బోరులో రాయి వేసే టీచరును ఇప్పుడే చూస్తున్నాను. మోటారుకు, గోడకు మధ్య ఇరుక్కుంటే దాన్ని తీసేది మీరా, నేనా?" రాయి కింద పెట్టేశాను. ఆయన పురికొస చివర నట్టు కట్టి, అడుగడుగుకూ ఆగుతూ దించారు. తడి గుర్తు 96 అడుగుల దగ్గర వచ్చింది. ఇరవై నిమిషాలు మోటారు నడిపాక మళ్ళీ దించితే 124. మోటారు 160లో ఉంది. ఇంకా ముప్పై ఆరు అడుగుల నీరు దాని నెత్తి మీద ఉంది. ఏప్రిల్‌లో అంత నీరున్న బోరును వదిలేసి ఇంకో బోరు తవ్వించమన్నారు ఆ మహానుభావులు.

"కేసింగ్ అంచు కోసి ఉంటుంది" అని చెప్పి, ఎల్లుండి మనుషులతో వస్తానని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నోటు పుస్తకం తీశాను. మోటారు వేసినప్పటి నుంచి ట్యాంకులో నీరు పడేదాకా 35 సెకన్లు పడుతోంది. ఇరవై లీటర్ల బకెట్టు 30 సెకన్లలో నిండుతోంది, అంటే నిమిషానికి 40 లీటర్లు. ఖాళీ అయిన పైపు నిండడానికి పట్టే ఆ 35 సెకన్లలో సుమారు 23 లీటర్లు. పైపు లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు, మీటరుకు 0.8 లీటర్లు పడుతుంది. 23 లీటర్లు అంటే దాదాపు 29 మీటర్లు, 95 అడుగులు. బోరు మూత నుంచి గోడ వెంట ట్యాంకు దాకా పైపు 50 అడుగులు. తీసేస్తే 45. నాన్ రిటర్న్ వాల్వే చెడి ఉంటే పైపు నీటిమట్టం దాకా, అంటే 96 అడుగుల దాకా ఖాళీ అయ్యేది. అప్పుడు యాభై సెకన్లకు పైనే పట్టాలి. ఈ లెక్క పది రోజుల ముందు వేసి ఉంటే వాల్వు డబ్బులు కూడా మిగిలేవి. చిల్లు 45 అడుగుల దగ్గర ఉండాలని పుస్తకంలో రాసి గీత గీశాను. కేసింగ్ 40 దగ్గర ముగుస్తుంది.

ఎల్లుండి అన్నది ఇంకో రోజు జరిగింది. ఇద్దరు కుర్రవాళ్ళతో వచ్చారు. నా లెక్క చూపిస్తే పెద్దగా ఆశ్చర్యపోలేదు, "అంతే ఉంటుంది" అన్నారు. పైపు అంతా లాగలేదు. పైభాగమే ముందు బయటికి వస్తుంది కదా, యాభై అడుగులు తీస్తే చాలు. లాగుతున్నప్పుడు ఆయనే బోరు పక్కన కూర్చుని, గుడ్డ పట్టుకుని పైపును అంగుళం అంగుళం తుడుస్తూ వేళ్ళతో తడుముతున్నారు. ఒకచోట చెయ్యి ఎత్తి ఆపమన్నారు. నల్ల పైపు మీద అరచేయంత మేర గరుకుగా తెల్లబారిన మచ్చ. దాని మధ్యలో బియ్యపు గింజ పొడవున చీలిక. ఒత్తిడి లేనప్పుడు పెదాలు మూసుకుని ఉంటుంది, వేలితో వంచితేనే తెరుచుకుంటుంది. వీధిలో లాక్కుపోయినవాళ్ళకు కనిపించలేదంటే నమ్ముతాను. వెతకలేదన్నదే నా అభ్యంతరం. టేపు పెట్టి కొలిచాను: 43 అడుగులు. రెండడుగుల తేడా. మా వారికి చూపించాను. పాలు పోసే ఆమెకు చూపించాను. ఎదురింటివారికి కూడా చూపించాను.

మోటారు మొదలైన ప్రతిసారీ ఒక కుదుపు ఇస్తుంది. పైపు మెలితిరిగి కేసింగ్ కింది అంచుకు, రాతి మొనకు రుద్దుకుంటుంది. రోజుకు మూడు నాలుగుసార్లు చొప్పున పదహారేళ్ళు. ప్లాస్టిక్కు ఎంతకని ఓర్చుకుంటుంది?

మిగతా పైపును బోరు మూతి మీద క్లాంపుతో బిగించి, తాడును వేపచెట్టుకు కట్టి, అడుగున్నర ముక్క కోసేశారు. కొసలు వేడినీళ్ళలో మెత్తబరిచి లోపల నిపుల్ అనే పొట్టి లోహపు గొట్టం దూర్చి, రెండు వైపులా రెండేసి క్లాంపులు బిగించారు. ఆ అతుకు కేసింగ్ అంచు దగ్గరికి రాకుండా, మోటారును అడుగున్నర పైకి ఉంచి సర్దారు. అంచుకు తగిలే చోట సైకిలు ట్యూబు ముక్కను రెండు పొరలుగా చుట్టి తీగతో కట్టారు. ఇది నాకు నచ్చలేదు. ఊడి మోటారు మీద పడితే? అడిగితే "ఊడదు" అన్నారు. మిగతా అన్నిటికీ కారణం చెప్పిన మనిషి దీనికి మాత్రం చెప్పలేదు.

ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. బిల్లు లేదు. క్యాలెండరు చింపిన కాగితం వెనుక "కూలి 1,800, నిపుల్, క్లాంపులు 420, టేపు, తీగ 230" అని రాసి ఇచ్చారు. గ్యారంటీ అడిగితే మళ్ళీ గాలి వస్తే పిలవమన్నారు. ఫోను ఎత్తే మనిషి అయితే ఆ మాటకు విలువ ఉండేది. కరివేపాకు మొక్కను కుర్రవాళ్ళు తొక్కేశారు. బయటికి తీసిన పైపును వీధి దుమ్ములోనే పరిచి, తుడవకుండానే దించేశారు. ఈ పని పెద్ద దుకాణంవారూ చేశారు. చివరికి నేనే బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు బోరులో పోసి, ఒక రాత్రి ఉంచి, వాసన పోయేదాకా నీళ్ళను బయటికి వదిలాను. ఎవరు మీ బోరు విప్పినా ఇది అడగండి. వాళ్ళంతట వాళ్ళు చేయరు. ఇన్ని ఉన్నా అయిదుకు నాలుగు ఇస్తున్నాను. ఒకటి తీసేసింది ఆలస్యానికి, దుమ్ముకు కలిపి. ట్యూబు ముక్క సంగతి వచ్చే వేసవిలో తేలుతుంది.

ఇప్పుడు జూలై. మోటారు వేస్తే మూడు నాలుగు సెకన్లలో ట్యాంకులో నీరు పడుతోంది. బకెట్టు 21 సెకన్లలో నిండుతోంది. అందులో కొత్త ఇంపెల్లర్ల వాటా కూడా ఉందని మా వారు పెద్ద దుకాణం తరఫున వాదిస్తున్నారు. ఉండవచ్చు. గాజు గ్లాసు కిటికీలోనే ఉంది, నీళ్ళు పట్టగానే తేటగా ఉంటున్నాయి. వారానికోసారి బోరు మూత దగ్గర వంగి వింటున్నాను. మోటారు గుర్రుమనే చప్పుడు తప్ప లోపల వాన లేదు. కోసిన పైపు ముక్కను అడిగి తీసుకున్నాను. ట్యూషనుకు వచ్చే పిల్లలకు దాన్ని వంచి ఆ బియ్యపు గింజను చూపించి, లెక్క వాళ్ళ చేతే వేయిస్తున్నాను.

ఆయన పైపు రెంచి మా గేటు వాల్వు పక్కనే మరిచిపోయి వెళ్ళారు. వచ్చి తీసుకెళ్ళమని నాలుగుసార్లు ఫోను చేశాను. రేపు వస్తానన్నారు.